క్యాట్ మైనస్ వీ కొట్టి చూడు

ఫైలు కళ్ల ముందే ఉంది. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్ కొడితే పేరు కనిపిస్తోంది, సైజు కనిపిస్తోంది, ఎగ్జిక్యూట్ పర్మిషన్ కూడా ఉంది. రన్ చేస్తే మాత్రం ‘నాట్ ఫౌండ్’ అంటోంది. అప్పులవాడు గుమ్మంలో నిలబడితే, లోపల మంచం మీదున్న మనిషే "నేను ఇంట్లో లేనని చెప్పు" అన్నట్టు.

2004, వానాకాలం. బేగంపేటలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో మా ఆఫీసు. ఉద్యోగంలో చేరి మూడు వారాలు. అంతకుముందు ఏడాది చీరాల నుంచి వచ్చి, ఎస్.ఆర్.నగర్‌లో నలుగురం కలిసి రూము తీసుకుని, మైత్రీవనం చుట్టూ ఉన్న ఇన్‌స్టిట్యూట్లలో యూనిక్స్, సీ, ఒరాకిల్ నేర్చుకున్నాం. నేర్చుకున్నాం అంటే, జిరాక్స్ షాపులో మెటీరియల్ కొనుక్కుని, కిక్కిరిసిన హాల్లో వెనక బెంచీ మీద కూర్చుని, బోర్డు మీదున్నది ఎక్కించుకున్నాం. ఆ మెటీరియల్లో గ్రెప్ ఉంది, సెడ్ ఉంది, పైపు ఉంది. విండోస్‌లో రాసిన స్క్రిప్టు, అంటే కమాండ్లు వరసగా రాసి పెట్టిన ఫైలు, యూనిక్స్‌లో ఎందుకు నడవదో మాత్రం లేదు.

మా క్లయింటు అమెరికాలో. వాళ్ల సర్వర్లు అన్నీ యూనిక్స్ రకాలే, ఎక్కువగా సొలారిస్, ఒకటి రెండు హెచ్‌పీ-యూఎక్స్. మా టేబుళ్ల మీదేమో విండోస్. నోట్‌ప్యాడ్‌లో స్క్రిప్టు రాసుకుని, ఎఫ్‌టీపీలో సర్వర్‌కి ఎక్కించి, టెల్‌నెట్‌లో లాగిన్ అయి రన్ చెయ్యడం. ఆ రోజు నేను రాసింది గట్టిగా పన్నెండు లైన్లు. రెండుసార్లు తీసేసి మళ్లీ ఎక్కించాను. పేరు మార్చి చూశాను. పర్మిషన్లు అన్నీ ఇచ్చేశాను. చివరికి సిస్టమ్ రీస్టార్ట్ కూడా చేశాను, నా విండోస్ సిస్టమ్. దానికీ దీనికీ సంబంధం లేదని తెలిసినా, ఏదో ఒకటి చెయ్యకపోతే ఊపిరాడదు కదా.

వెనక సీట్లోంచి ఒక గొంతు వచ్చింది. "ఏమైంది తమ్మీ, గంట నుంచి ఒక్కటే ఎంటర్ కొడుతున్నవ్?"

చెప్పాను. లేచి రాలేదు. టీ తాగుతూనే అన్నాడు: "క్యాట్ మైనస్ వీ కొట్టి చూడు."

కొట్టాను. క్యాట్ ఫైల్లో ఉన్నది స్క్రీన్ మీద చూపిస్తుంది, మైనస్ వీ చేరిస్తే కనపడని గుర్తుల్ని కూడా. ప్రతి లైను చివరా ఒక టోపీ గుర్తు, పక్కన ఎమ్. పన్నెండు లైన్లకీ పన్నెండు. మామూలుగా క్యాట్ కొడితే ఒక్కటీ కనపడలేదు. బియ్యం చేటలో పోసి వెలుతురులో పట్టుకున్నాక పురుగులు కనపడినట్టు కనపడ్డాయి.

అప్పుడు లేచి వచ్చాడు. ఆయనది హన్మకొండ. డిగ్రీ చదువుతూ టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి హయ్యర్ పాసయ్యాడట. ఆ టైపు మిషన్ మీదే నాకు పాఠం చెప్పాడు. "లైను చివరికొచ్చేసరికి టింగుమని గంట మోగుతది. అప్పుడు లివర్ పట్టి గుంజుతం. రెండు పనులైతయి. క్యారేజీ మొదటికొస్తది, కాయితం ఒక లైను పైకి జరుగుతది. మొదటిది క్యారేజ్ రిటర్న్, దాని నంబర్ పదమూడు. రెండోది లైన్ ఫీడ్, పది. టెలిటైప్ మిషన్లకు రెండూ విడివిడిగ చెప్పాలె. డాస్ రెండూ ఉంచుకున్నది, విండోస్‌కు అదే అలవాటైంది. యూనిక్స్ ఒక్క లైన్ ఫీడ్ చాలనుకున్నది. ఇంగ్లీషు అక్షరాల్ల పదమూడోది ఏంది?"

వేళ్ల మీద లెక్కపెట్టాను. ఎమ్.

"అందుకే కంట్రోల్ ఎమ్. నీ మొదటి లైన్ల, ఈ కమాండ్లను నడిపే షెల్ పేరు రాసినవ్ గద, దాని చివర ఈ ఎమ్ అంటుకున్నది. ఎమ్ తోకున్న షెల్ ఎక్కడా లేదు. దొరకంది నీ ఫైలు కాదు, ఆ షెల్."

ఎఫ్‌టీపీలో యాస్కీ మోడ్ పెట్టి పంపితే దారిలోనే ఆ పదమూడో నంబర్ రాలిపోతుందని, నేను ఉన్నదున్నట్టు పంపే బైనరీలో పంపానని అప్పుడు తెలిసింది. మరి ఎప్పుడూ యాస్కీలోనే పంపితే పోలేదా? పోలేదు. వారం తిరక్కుండా ఒక జిప్ చేసిన ఫైలు యాస్కీలో పంపి దాన్ని పచ్చడి చేశాను. టెక్స్ట్‌కి యాస్కీ, మిగతా అన్నిటికీ బైనరీ. ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఎవరు ఫైలు పాడైందన్నా మా నోట్లోంచి వచ్చే మొదటి మాట ఒకటే, బైనరీకి మారే కమాండ్ పేరుతో: "బిన్ కొట్టావా?"

దీనికి తిరగేసిన కష్టం కూడా ఉండేది. యూనిక్స్‌లో పుట్టిన ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొత్తం ఒకటే లైను, మధ్యమధ్యలో నల్ల డబ్బాలు. వర్డ్‌ప్యాడ్‌లో తెరవమని ఎవరో చెప్పేదాకా నేను ఆ డబ్బాల దగ్గర ఒక్కొక్క ఎంటర్ కొట్టి విడదీసుకునేవాణ్ని. నోట్‌ప్యాడ్‌కి ఒంటరి లైన్ ఫీడ్‌ని అర్థం చేసుకునే తెలివి 2018లో వచ్చింది. ఆ వార్త చదివి ఆ హన్మకొండ అన్నకి వాట్సాప్‌లో పంపితే, "పద్నాలుగేండ్లు ఆగి ఉద్యోగంల చేరాల్సింది నువ్వు" అని జవాబు.

ఆయన్ని మేమందరం నాక్ అన్న అనేవాళ్లం. దానికో కథ ఉంది. ఆక్ అని ఒక చిన్న భాష ఉంది, టెక్స్ట్ ఫైళ్లను వరసలూ గళ్లుగా చూసి కావలసినవి ఏరడానికి. 1977లో బెల్ ల్యాబ్స్‌లో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిగాన్ అనే ముగ్గురు చేశారు, ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దాని పేరు. 1985లో దాన్ని పెంచి కొత్తది చేశారు. సొలారిస్‌లో ఆక్ అని కొడితే పాతదే పలికేది. కొత్తది కావాలంటే ముందు ఒక ఎన్ చేర్చి నాక్ అని కొట్టాలి. అమీర్‌పేటలో మేం నేర్చుకున్నది యూనిక్స్ లాంటిదే అయిన లైనక్స్ మీద, అక్కడ ఆక్ అంటేనే కొత్త రకం. ఇక్కడ అదే కమాండ్ కొడితే ‘సింటాక్స్ ఎర్రర్ నియర్ లైన్ 1’ అని, దాని కింద ‘బెయిలింగ్ అవుట్ నియర్ లైన్ 1’ అని వచ్చేది. ఒక్క లైను రాస్తే అందులోనే బెయిలు.

కొత్తగా చేరిన కుర్రాడొకడు ఈ బెయిలు దగ్గర ఇరుక్కుని అన్నని అడిగాడు.

"ఆక్ వస్తలేదా? నాక్ వస్తది."

"మీకు వస్తుంది సరే అన్నా, నాకు రావట్లేదు కదా!"

ఫ్లోర్ మొత్తం గొల్లుమంది. ఆ పేరు అలా ఉండిపోయింది. ఆయన పెళ్లి శుభలేఖ వచ్చేదాకా అసలు పేరు పూర్తిగా ఏంటో మాలో సగం మందికి తెలీదు.

ఇప్పుడు కూర్చున్నచోటే అన్నీ వెతుక్కుంటాం. మాకు అప్పుడు ఇంటర్నెట్ ఉన్నది ఒక్క సిస్టమ్‌కే, మేనేజర్ గారి కేబిన్ బయట. దాని ముందు ఎప్పుడూ క్యూ. అందుకని ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకున్నాం. రెండు వందల పేజీలది, అట్ట మీద తాజ్‌మహల్ బొమ్మ. ఎవరికి ఏది తగిలినా, ఎలా తీర్చుకున్నా అందులో రాయాలి. రాయడానికి ఒకటే రూలు, మార్జిన్లో ఎవరు చెప్పారో వాళ్ల పేరు ఉండాలి. కనిపెట్టినవాడి పేరు కాదు, చెప్పినవాడి పేరు. ఎందుకంటే రాసింది అర్థం కాకపోతే వెళ్లి ఆ మనిషిని అడగాలి కదా. మొదటి పేజీలో నా చేతిరాతలో ఉంది: ‘నాట్ ఫౌండ్ అంటే క్యాట్ మైనస్ వీ. నాక్ అన్న.’ అన్న చదివి, "ఎప్పుడూ గిదే కాదు, షెల్ ఎక్కడెక్కడ వెతకాలో చెప్పే పాత్ కూడా చూడాలె" అని కింద ఇంకో లైను చేర్చాడు.

కొన్ని పేజీలు ఒక్క లైనే. ‘పుట్టీ ఫ్లాపీలో ఉంది, రెండో డ్రాయర్.’ పుట్టీ అంటే సర్వర్‌కి కనెక్ట్ అయ్యే ప్రోగ్రాం, ఒకే ఒక్క ఫైలు, ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, ఫ్లాపీలో పట్టేది. ఇంకోచోట, ‘యూనిక్స్‌లో క్యాపిటల్ ఆర్ రిపోర్ట్, స్మాల్ ఆర్ రిపోర్ట్ వేరే వేరే. విండోస్‌కి దించితే ఒకటి రెండోదాన్ని మింగేస్తుంది.’ దాని పక్కన ఎవరో ఏడుపు బొమ్మ వేశారు. మింగించుకున్నవాడే వేసుంటాడు.

నేను ఆ నోట్‌బుక్కులో ఎక్కువ చోటు తీసుకున్నది మాత్రం ఒక్క రాత్రి వల్ల.

మేం రాత్రి షిఫ్టు. ఆన్‌సైట్‌లో ఉన్న సర్ న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసి కమాండ్లు చెబుతుంటే, నేను ఇక్కడ కొట్టాలి. ఫోన్లో కమాండ్ చెప్పడం అదొక ప్రత్యేక విద్య. "క్యాపిటలా స్మాలా?" "ఎమ్ ఫర్ మదర్, ఎన్ ఫర్ నెల్లూరు." బ్యాక్‌టిక్ అంటే ఎవరికీ అర్థమయ్యేది కాదు, "ఎస్కేప్ కింద, టాబ్ పైన ఉంటుందే, అది" అనాలి. స్లాష్ అంటే ముందుకి వాలిందా వెనక్కి వాలిందా అని గొడవ. అన్నిటికన్నా కష్టం స్పేస్. కనపడదు, వినపడదు. చెప్పేవాడు మధ్యలో ఊపిరి పీల్చుకుంటే స్పేసో కాదో ఎలా తెలుస్తుంది?

డిస్క్ నిండిపోయింది, టెంప్ డైరెక్టరీలో ఉన్నవి తీసేయాలి. "ఆర్ఎమ్ మైనస్ ఆర్ఎఫ్, టెంప్ స్లాష్..." అన్నారు. లైన్లో గరగర. "...స్టార్."

నేను స్లాష్ తర్వాత స్పేస్ కొట్టి స్టార్ పెట్టాను. ఎంటర్.

తెలిసినవాళ్లకి ఇక్కడే గుండె జారి ఉంటుంది. ఆ స్పేస్ లేకపోతే దానర్థం టెంప్‌లో ఉన్నవన్నీ తీసెయ్ అని. స్పేస్ ఉంటే, టెంప్‌ని తీసెయ్, దాంతోపాటు ఇప్పుడు నువ్వు నిలబడ్డ చోట ఉన్నవన్నీ తీసెయ్ అని. నేను నిలబడింది మా స్క్రిప్టులన్నీ ఉన్న డైరెక్టరీలో.

ప్రాంప్ట్ రావాల్సినదానికన్నా ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. ఆ ఒక్క క్షణం ఇప్పటికీ గుర్తుంది. ఎల్ఎస్ కొట్టాను. ఏమీ లేదు. మళ్లీ కొట్టాను, రెండోసారి కొడితే వస్తాయన్నట్టు. ఫోన్లో సర్ "అయిందా?" అంటున్నారు. "అయింది సర్" అన్నాను. అబద్ధం కాదు.

యూనిక్స్‌లో రీసైకిల్ బిన్ లేదు. టేపు బ్యాకప్ నుంచి తెప్పించాలంటే క్లయింటుకి రాతపూర్వకంగా చెప్పుకోవాలి, ఒక రోజు పడుతుంది, పరువు పోతుంది. షిఫ్టులో మా లీడ్ మేడమ్ ఉన్నారు, వైజాగ్ ఆవిడ. వెళ్లి చెప్పాను. తిట్టలేదు. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, "మన డెస్క్‌టాపుల మీద ఎవరెవరి దగ్గర ఏమేం ఉన్నాయో చూడు" అన్నారు. అందరం నోట్‌ప్యాడ్‌లో రాసి ఎక్కించేవాళ్లమే కదా, ఎక్కించాక ఆ కాపీలు ఎవరూ తీసేసేవాళ్లు కాదు. ‘లోడ్ ఫైనల్’, ‘లోడ్ ఫైనల్ 2’, ‘లోడ్ కొత్తది’ అని డెస్క్‌టాపుల నిండా పడి ఉండేవి. ఇళ్లకి ఫోన్లు చేసి, నిద్రలో ఉన్నవాళ్లని లేపి పాస్‌వర్డ్‌లు అడిగి (అప్పట్లో ఇదేం తప్పనిపించలేదు), అయిదు సిస్టమ్‌ల నుంచి ఏరుకొచ్చాం. అన్నిటి చివరా కంట్రోల్ ఎమ్‌లు. ఒక్కొక్కదాన్నీ యాస్కీ మోడ్‌లో ఎక్కిస్తూ, ఏది ఫైనల్, ఏది ఫైనల్ 2 అని తేల్చుకుంటూ తెల్లారింది. రెండు స్క్రిప్టులు మాత్రం ఎక్కడా దొరకలేదు, అవి మేడమ్ జ్ఞాపకం మీద మళ్లీ రాశారు.

అప్పుడు చెప్పారు ఆవిడ, టీ గ్లాసు పట్టుకుని. "ఆర్ఎమ్ కొట్టే ముందు అదే లైను ఎకో పెట్టి కొట్టు. స్టార్‌ని విప్పేది ఆర్ఎమ్ కాదు, షెల్. ఆర్ఎమ్ చేతికి వచ్చేసరికే అక్కడ పేర్ల లిస్టు ఉంటుంది. ఎకో పెడితే ఆ లిస్టు నీకు చదివి వినిపిస్తుంది. వాడేం చెయ్యబోతున్నాడో ముందు వాడి నోటితోనే చెప్పించు."

ఇరవయ్యేళ్లయింది. ఇప్పటికీ స్టార్ ఉన్న ఏ కమాండూ ఎకో లేకుండా కొట్టలేదు. నా పక్కన కూర్చుని చూసేవాళ్లకి విసుగు.

ఇలాంటిదే ఇంకొకటి, కానీ ఇది జరగలేదు, తప్పింది. బెంగళూరులో లైనక్స్ మీద పనిచేసి వచ్చినతను మా టెస్ట్ సర్వర్‌లో రూట్‌గా లాగిన్ అయి (అంటే ఏదైనా చెయ్యగల అధికారంతో) ఉన్నాడు. ఒక జావా ప్రాసెస్ ఇరుక్కుంది. చక్కగా కిల్‌ఆల్ అని టైప్ చేసి స్పేస్ కొట్టాడు. వెనక నుంచి వెళ్తున్న నాక్ అన్న అతని చెయ్యి పట్టుకుని కీబోర్డు మీంచి లేపేశాడు. లైనక్స్‌లో కిల్‌ఆల్ అంటే ఆ పేరున్న ప్రాసెస్‌లని చంపుతుంది. సొలారిస్‌లో కిల్‌ఆల్ అనేది మెషిన్ షట్‌డౌన్ చేసేటప్పుడు నడుస్తున్నవన్నీ ఆపడానికి పెట్టిన కమాండ్. పేరు ఒకటే, పని వేరు. "పీకిల్ వాడు" అన్నాడు అన్న. అతను "పికిలా?" అన్నాడు. ఆ మధ్యాహ్నం భోజనాల్లో ఆవకాయ డబ్బా తెరిచినప్పుడల్లా "రూట్‌గా లాగిన్ అయ్యావా?" అని అతన్ని ఏడిపించాం.

చెప్పిన టైముకి కమాండ్లని తనంతట తానే నడిపే క్రాన్ గురించి నోట్‌బుక్కులో ఆరు పేజీలున్నాయి, అన్నీ వేరువేరు చేతిరాతల్లో ఒకే ఏడుపు. చేత్తో రన్ చేస్తే నడుస్తుంది, క్రాన్‌లో పెడితే నడవదు. కారణం చిన్నదే. మనం లాగిన్ అయినప్పుడు మన ప్రొఫైల్ ఫైలు చదివి పాత్‌లూ ఒరాకిల్ సెట్టింగులూ అన్నీ అమరుతాయి. క్రాన్ ఆ ప్రొఫైల్ చదవదు. "దానికి ఇల్లూ వాకిలీ తెలీదు, అడ్రస్ పూర్తిగా రాసివ్వాలి" అని మేడమ్ అనేవారు. అంతవరకు తెలిసినా, పర్సెంట్ గుర్తు దగ్గర మళ్లీ దెబ్బ తిన్నాను. లాగ్ ఫైలు పేరులో తేదీ రావాలని క్రాన్ లైన్లోనే డేట్ కమాండ్ పెట్టి, పర్సెంట్ వై, పర్సెంట్ ఎమ్ అని రాశాను. క్రాన్‌లో పర్సెంట్ అంటే కొత్త లైను అని అర్థం. అక్కడికి కమాండ్ తెగిపోతుంది. ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. ఇది నాకు నాలుగు రాత్రులు పట్టింది. చెప్పింది మాత్రం ఆఫీసులో ఎవరూ కాదు, ఎస్.ఆర్.నగర్ మెస్సులో ఎదురుగా కూర్చుని పెరుగన్నం తింటున్న ఎవరో అబ్బాయి. నేను రూమ్మేటుతో చెప్పుకుని వాపోతుంటే, "పర్సెంట్ ఉందాండీ అందులో?" అన్నాడు. పేరు అడగలేదు. నోట్‌బుక్కు మార్జిన్లో ‘మెస్సు’ అని ఉంది.

2007లో అమెరికావాళ్లు గడియారాలు ముందుకి జరిపే తేదీ మార్చారు. ఏప్రిల్ మొదటి ఆదివారం ఉండేది, మార్చి రెండో ఆదివారానికి తెచ్చారు. ఆ ఏడు అది మార్చి 11. మనకి ఏడాది పొడుగునా ఒకే టైము, ఈ గోల అర్థమయ్యేది కాదు. కానీ సొలారిస్‌కి ఒక ప్యాచ్, హెచ్‌పీ-యూఎక్స్‌కి ఇంకోటి, విండోస్‌కి ఇంకోటి, జావా దగ్గర మళ్లీ సొంత పట్టిక ఉంటుంది కాబట్టి దానికి వేరే. వాళ్ల టైము రెండున్నరకి పెట్టిన జాబులు ఆ రోజు ఏమవుతాయన్నది ఇంకో టెన్షన్, ఎందుకంటే రెండు అవగానే మూడు అవుతుంది, రెండున్నర అనేదే ఆ రోజు ఉండదు. "దుర్ముహూర్తం అంటే విన్నం గానీ, ముహూర్తమే లేకపోవుడు ఇప్పుడే చూస్తున్న" అన్నాడు అన్న.

ఇదే రోజుల్లో మెయిళ్లలో ఒక ఫార్వర్డ్ తిరిగేది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. విండోస్‌లో ‘కాన్’ అనే పేరుతో ఫోల్డర్ చెయ్యలేరు, దీన్ని ఒక భారతీయుడు కనిపెట్టాడు, మైక్రోసాఫ్ట్ వాళ్లకి కూడా కారణం తెలీదు అని. మేం కూడా తలా ఒకసారి చేసి చూసి, నిజమే అని గర్వపడ్డాం. నాక్ అన్న ఆ గర్వం అయిదు నిమిషాల్లో దించేశాడు. కాన్ అంటే కన్సోల్, డాస్ రోజుల నుంచీ అది పరికరం పేరు. పీఆర్ఎన్ అంటే ప్రింటర్, ఏయూఎక్స్ కూడా అంతే. అవీ కుదరవు, చేసి చూడమన్నాడు. నవ్వు వచ్చే విషయం ఏంటంటే, నెల తర్వాత ఇదే మాకు పనికొచ్చింది. యూనిక్స్ నుంచి తెచ్చిన చాలా ఫైళ్లని ఒకటిగా కట్టిన ఒక టార్ ఫైలు విండోస్‌లో విప్పుతుంటే సగంలో ఆగిపోతోంది. లోపల చూస్తే ఏయూఎక్స్ అని ఒక డైరెక్టరీ.

ఆఫీసు సంగతులు పక్కన పెడితే, ఈ విద్యంతా నేను మనస్ఫూర్తిగా వాడింది మా బాబాయి కోసం. ఆయన వేటపాలెంలో తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. పద్యాలు రాసేవారు. డీటీపీ సెంటర్లో టైప్ చేయించి, ఆ ఫైళ్లు సీడీలో పెట్టుకుని దాచుకున్నారు. నా సిస్టమ్‌లో తెరిస్తే అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు. అప్పటి డీటీపీ ఫాంట్లలో తెలుగు అక్షరం అనేదే లేదు. ఇంగ్లీషు అక్షరాల గూళ్లలో తలకట్టు ఒకటి, కొమ్ము ఒకటి, వత్తు ఒకటి ముక్కలుగా కూర్చోబెట్టారు. ఆ ఫాంట్ లేకపోతే అంతా చెత్తలా కనిపిస్తుంది. దాన్ని, ప్రతి అక్షరానికీ సొంత నంబరున్న యూనికోడ్‌లోకి మార్చాలి. పెర్ల్ అనే భాషలో స్క్రిప్టు రాయడం మొదలుపెట్టాను, ఏ ముక్క ఏ అక్షరమో పట్టిక వేసుకుని. పేజీ మీద ముక్కలు కనిపించే వరస వేరు, యూనికోడ్‌లో ఉండాల్సిన వరస వేరు. వత్తు, గుణింతం ముందూ వెనకా అవుతుంటే సరిచెయ్యడానికే వారాలు పట్టింది.

బాబాయి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పరీక్ష కోసం ‘తెలుగు’ అనే మాట పొడుగు ఎంతని పెర్ల్‌ని అడిగాను. 18 అంది.

"పద్దెనిమిదేంట్రా? న గణం అది. మూడు లఘువులు."

ఆయనకి మూడు. యూనికోడ్‌కి ఆరు, త వేరు, ఎత్వం వేరు, ల వేరు, కొమ్ము వేరు, గ వేరు, ఇంకో కొమ్ము వేరు. ఆ ఆరింటికీ యూటీఎఫ్-8లో తలా మూడు బైట్లు. పెర్ల్‌కి ఇది తెలుగని చెప్పకపోతే బైట్లు లెక్కపెట్టి పద్దెనిమిది అంటుంది. ఇదంతా విని ఆయన కాసేపు ఆలోచించి, "అంటే దానికి ఛందస్సు రాదన్నమాట" అన్నారు.

స్క్రిప్టు విండోస్‌లో నడిచింది. ఇంట్లో లైనక్స్ కూడా వేసుకున్నాను కదా అని అక్కడ పెట్టాను. మొదటి లైను దగ్గరే ఎర్రర్. కంట్రోల్ ఎమ్ తీసేశాను, అయినా అదే. అప్పటికి నాకు నాలుగేళ్ల అనుభవం, కాలర్ ఎగరేసే రోజులు. రెండు గంటలు కూర్చున్నాక గుర్తొచ్చి క్యాట్ మైనస్ వీ కొట్టాను. ఫైలు మొదట్లో, అన్నిటికన్నా ముందు, ఎమ్ డ్యాష్ ఓ, ఎమ్ డ్యాష్ సెమికోలన్, ఎమ్ డ్యాష్ క్వశ్చన్ మార్క్. తెలుగు అక్షరాలున్నాయని స్క్రిప్టుని నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేశాను, అది నాకు చెప్పకుండా ముందు మూడు బైట్లు అంటించింది. అప్పుడు చివర, ఇప్పుడు మొదట. బాబాయి పద్యాలు నూట పన్నెండు మారాయి. ఒక్క ‘క్ష్మ’ దగ్గర మాత్రం నా పట్టిక చివరిదాకా తప్పుతూనే ఉంది, అవి చేత్తో దిద్దాను.

నాక్ అన్న పెళ్లి 2009లో. శుభలేఖలు పంచాల్సిన వాళ్ల లిస్టు ఎక్సెల్లో ఉంది, ఆయన తరఫువి, అమ్మానాన్నల తరఫువి, అక్కవాళ్లు ఇచ్చినవి అన్నీ కలిపి. ఒకే పేరు రెండు మూడుసార్లు వస్తోంది. ఆయనకి ఇష్టమైన ఒక్క లైను ఆక్ మంత్రం ఉంది. కొటేషన్లలో ఒక ఆశ్చర్యార్థకం, ఎక్స్, చదరపు బ్రాకెట్లో డాలర్ సున్నా, చివర ప్లస్ ప్లస్. అంతే. నేను మొదటిసారి చూసినప్పుడు ఏదో పిల్లి కీబోర్డు మీద నడిచిందనుకున్నాను. డాలర్ సున్నా అంటే ఆ లైను మొత్తం. ఆ లైను పేరు మీద ఎక్స్‌లో ఒక గూడు. మొదటిసారి వచ్చినప్పుడు గూట్లో సున్నా, ఆశ్చర్యార్థకం దాన్ని తిరగేస్తుంది కాబట్టి ‘అవును, ప్రింట్ చెయ్’. వెంటనే ప్లస్ ప్లస్ ఆ గూట్లో ఒకటి వేస్తుంది. అదే పేరు మళ్లీ వస్తే గూడు ఖాళీ లేదు, ప్రింట్ కాదు. లిస్టు వరస కూడా చెదరదు.

రన్ చేసి, కవర్లు రాయించి, పంచేశారు. కాజీపేటలో ఆయన బాబాయికి మూడు శుభలేఖలు అందాయి. వెంకటేశ్వర్లు అనే పేరుని ఇంగ్లీషులో మూడు రకాలుగా రాసి ఉన్నారు. ఒకరు హెచ్ పెట్టారు, ఒకరు పెట్టలేదు, ఒకరు మధ్యలో యూ పెట్టారు. పెళ్లిలో ఆ పెద్దాయన మూడూ చేత్తో పట్టుకుని వచ్చి, "మూడు భోజనాలు పెడతవా మరి?" అని అన్నని నిలదీశాడు. ఆక్ తప్పు లేదు.

ఆ ప్రాజెక్టు ఆ ఏడాదే అయిపోయింది. ఖాళీ చేసే రోజు నోట్‌బుక్కు నా డ్రాయర్లో ఉంది కాబట్టి నాతో వచ్చింది. మేడమ్ రిటైరై వైజాగ్‌లోనే ఉన్నారు. నాక్ అన్న ఇప్పుడు డల్లాస్‌లో.

కిందటి నెల రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. ఇన్నేళ్లలో ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. కొత్త ఆఫీసులో మ్యాక్ ఇచ్చారట. ఫైల్లో మాటలు మార్చే సెడ్ దగ్గర ఇరుక్కున్నాడు. మైనస్ ఐ అంటే ఆ మార్పు నేరుగా ఫైల్లోనే చెయ్యమని.

"సెడ్ మైనస్ ఐ పనిచేస్తలేదు తమ్మీ. లైనక్స్ల మంచిగ నడిచింది."

"మ్యాక్‌లో ఉన్నది బీఎస్డీ సెడ్ అన్నా. మైనస్ ఐ పక్కన బ్యాకప్ ఫైలుకి తోక ఏం పెట్టాలో అడుగుతుంది. వద్దనుకుంటే ఖాళీ కొటేషన్లు పెట్టు, రెండు."

టకటకమని కీబోర్డు చప్పుడు. "రెండు కొటేషన్లా. మైనస్ ఐకి, దీనికి నడుమ స్పేస్ ఉండాల్నా?"

"ఉండాలి."

"పెట్టిన."

"ఎంటర్ కొట్టకు. ముందు మైనస్ ఐ తీసేసి ఒకసారి కొట్టి చూడు, స్క్రీన్ మీద ఏం వస్తుందో."

అటుపక్క నుంచి నవ్వు. "అచ్చం మేడమ్ లెక్క మాట్లాడుతున్నవ్ రా."

ఫోన్ పెట్టేశాక నోట్‌బుక్కు తీశాను. వెనక ఇంకా ఖాళీ పేజీలున్నాయి. ‘మ్యాక్‌లో సెడ్ మైనస్ ఐ తర్వాత స్పేస్, ఖాళీ కొటేషన్లు’ అని రాసి, మార్జిన్లో ఎవరి పేరు రాయాలా అని కాసేపు ఆగి, నాక్ అన్న అనే రాశాను.